మొదటి బహుమతికి లేవని మనిషి

పదో స్థానం నుంచి రెండో స్థానం దాకా తొమ్మిది పేర్లు చదివారు. ఒక్కో పేరు వచ్చే ముందు నా పక్క కుర్చీలో ఉన్నామె ఊపిరి బిగబట్టేది, మాది కాదని తెలియగానే వదిలేది. రెండో పేరు కూడా అయిపోయాక నా వైపు తిరిగి, ఆ రోజంతటిలో మొదటిసారి నవ్వింది.

"హమ్మయ్య, రాలేదన్నా. ఇగ సామాను సర్దుకుందాం."

అప్పుడు మొదటి పేరు చదివారు. అది మాదే.

వర్జీనియా దక్షిణాన ఒక చిన్న ఊరి సంత మైదానం అది. రేకుల షెడ్డు కింద మడతకుర్చీలు, వాటి నిండా రాత్రంతా నిద్రలేని మొగాళ్ళు, ఒళ్ళంతా పొగ వాసన. మైకు పట్టుకున్న పెద్దమనిషి "ది నైబర్స్!" అన్నాడు. ఎవరూ లేవకపోయేసరికి మళ్ళీ అన్నాడు. నేను సగం లేచాను. ఆమె నా చొక్కా చెయ్యి పట్టుకుంది. బావిలో పడ్డవాళ్ళు చేంతాడు పట్టుకున్నట్టు పట్టుకుంది.

"లేవకండన్నా. మీకు దండం పెడత. లేవకండి."

మూడోసారి పిలిచాడు. జనం మెడలు తిప్పి చూశారు. ఎవరో ఈల వేశారు. "పాపం, పొయ్యి పక్కనే నిద్రపోయుంటారు" అని మైకులో ఒక జోకు వేసి, ఆయన తర్వాతి జాబితాకు వెళ్ళిపోయాడు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ నైబర్స్ ఎవరా అని తనూ అందరిలాగే ఆశ్చర్యపోతున్నట్టు మొహం పెట్టడానికి ప్రయత్నించింది. కుదరలేదు.

పోయిన వారం ఆ బార్బెక్యూ వంటల పోటీ నడిపేవాళ్ళ నుంచి నాకు ఈమెయిల్ వచ్చింది. ఈ ఏడాది కూడా మీ జట్టుకు స్థలం ఉంచమంటారా అని. అప్పుడు ఇచ్చిన చిరునామా నాది; తనది ఇవ్వడానికి ఆమె ఒప్పుకోలేదు. జవాబు రాయడానికి కూర్చుని, అది పక్కనపెట్టి, ఆమె గురించి ఇది రాస్తున్నాను. పేరు రాయను. నా ఉద్యోగమంతా విజయవాడలో ఒక దినపత్రికలో గడిచింది; రిటైరయ్యాకే ఈ దేశం వచ్చాను. విలేకరిగా తిరిగిన రోజుల్లో ఎదురైన ప్రతివాడూ "పేరు పడేట్టు చూడండి సార్" అనేవాడు. రక్తదాన శిబిరంలో అరటిపళ్ళు పంచినవాడు కూడా. పేరు పడకుండా చూడమని అడిగిన మొదటి మనిషి ఈమె.

వర్జీనియాలోనే ఉత్తరాన ఉన్న హెర్న్‌డన్‌లో మా వీధి తెలుగు పిల్లలు ఆమెను స్మోక్ ఆంటీ అనేవాళ్ళు. ఇక్కడికి రాకముందు సూర్యాపేటలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హెచ్‌వన్‌బి అనే ఉద్యోగ వీసా మీద ఉన్నాడు. ఆమెది ఆ వీసా వెనకాల వచ్చే డిపెండెంట్ వీసా. దాని మీద ఇక్కడ ఉండొచ్చు, కారు నడపొచ్చు, సరుకులు కొనొచ్చు. సంపాదించకూడదు. పని చేసుకునే పర్మిట్ ఒకసారి వచ్చింది, గడువు తీరింది, మళ్ళీ పెట్టింది రాలేదు. గ్రీన్‌కార్డు వరసలో పదేళ్ళు దాటాయి. కూతురు మాత్రం ఇక్కడే పుట్టింది, హైస్కూల్లో చదువుతోంది, ఈ దేశపు పౌరురాలు. ఒక ఇంట్లో ముగ్గురుంటే ఇద్దరికి భయం, ఒకరికి ఆ భయం ఏమిటో కూడా తెలియదు.

నేను ఆమెతో మొదటిసారి మాట్లాడింది మా వీధిలోకి ఫైరింజన్ వచ్చిన రోజున.

వీధి చివరి ఇంట్లో ఒక ముసలాయన ఉండేవాడు. కరోలినా నుంచి వచ్చిన నల్లజాతి పెద్దమనిషి, స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. ఆయన పెరట్లో పాత ఇనప పీపాతో చేసిన స్మోకర్ ఒకటి ఉండేది. ఒక పక్క పొయ్యి, ఇంకో పక్క మాంసం పెట్టే అర. మంట తగలకుండా, వేడితోనూ పొగతోనూ పది పన్నెండు గంటలు మగ్గబెట్టే యంత్రం. ఈమె సాయంత్రాలు వాకింగ్‌కు వెళ్తూ ఆయన కంచె దగ్గర ఆగి వాసన చూసేదట. ఒకరోజు ఆయన చూసి లోపలికి రమ్మన్నాడు. ఈమె అడిగిన మొదటి ప్రశ్న, "ఇది ఏం కట్టె?" అని.

"వచ్చినవాళ్ళంతా మాంసం ఎప్పుడవుతుందని అడుగుతారు," అని ఆయన నాతో తర్వాత చెప్పాడు. "కట్టె గురించి అడిగిన మనిషిని నేను వదులుకోను."

ఆయన మోకాళ్ళు పాడయ్యాక పొయ్యి దగ్గర నిలబడే పని ఈమెకు వచ్చింది. కెమిస్ట్రీ లెక్చరరని తెలిసి ప్రొఫెసర్ అని పిలిచేవాడు.

ఫైరింజన్ వచ్చిన ఆరోజు కట్టెలు తడిసినట్టున్నాయి. తెల్లటి పొగ వీధంతా కమ్మింది, ఎవరో ఫోన్ చేశారు. నేను వెళ్ళేసరికి ముసలాయన కుర్చీలో కూర్చుని ఫైర్ వాళ్ళతో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఈమె గరాజ్ లోపల, గోడకు ఆనుకుని ఉంది. చేతిలో పటకారు. నన్ను చూడగానే తెలుగులోకి దిగింది.

"మీరు మనోళ్ళే గదా అన్నా? వాళ్ళు పోలీసులా, ఫైర్ వాళ్ళా?"

"ఫైర్ వాళ్ళేనమ్మా. ఏం కాదు, వెళ్ళిపోతారు."

"పేరు రాసుకుంటరా? రికార్డుల పేరు పడతదా?"

ఆ ప్రశ్న ఆ తర్వాత ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. లైబ్రరీ కార్డు తీసుకోబోయి అడిగింది. కూతురి స్కూల్లో వాలంటీరుగా రమ్మంటే అడిగింది. ఒకసారి వేగం ఎక్కువైందని పోలీసు కారు ఆపి, మందలించి పంపేశాడు. రెండు నెలలు గడిచాక కూడా, "వదిలిపెట్టినా రాసుకుంటరేమో అన్నా. రాసుకున్నమని మనకు చెప్పరేమో" అనేది.

కూతురు విసుక్కునేది. "అమ్మా, నువ్వు టూ మచ్. ఎవరూ నిన్ను పట్టించుకోరు."

"అదే బిడ్డా నాక్కావాల్సింది," అనేది తల్లి.

ఆమె వండే మాంసం ఆమె తినేది కాదు. బ్రిస్కెట్ అంటే గొడ్డు ఛాతీ మాంసం. ఇక్కడి పోటీల్లో అన్నిటికన్నా కష్టమైనది, గౌరవమైనది కూడా అదే. ఆ మాట ఆమె నోట ఎప్పుడూ వినలేదు. 'పెద్ద ముక్క' అనేది. "తినేటోళ్ళు తింటరు, నాకేం పట్టింపు లేదు. మా ఇంట్ల అలవాటు లేదు, అంతే" అని ఒకసారి చెప్పింది. పెద్ద ముక్క ముట్టుకునేటప్పుడు రెండు జతల గ్లౌజులు. పని అయ్యాక తలస్నానం చేసిగానీ తన వంటింట్లోకి అడుగు పెట్టేది కాదు.

మరి రుచి చూడకుండా ఎలా వండుతుందని నాకు ముందునుంచీ అనుమానం. ముసలాయనకూ ఉండేది. మొదట్లో ఆయనే రుచి చూసి చెప్పేవాడు. కొన్నాళ్ళకు ఆమె ఆయన నోట్లో పెట్టుకోకముందే చెప్పడం మొదలుపెట్టింది. ఒకరోజు నా ఎదురుగానే జరిగింది. ఆయన ముక్క కోస్తున్నాడు.

"ఉప్పు ఒక చిటికెడు తగ్గింది," అంది.

ఆయన నమిలాడు. మళ్ళీ నమిలాడు. "నువ్వు నాకు తెలియకుండా తింటున్నావు ప్రొఫెసర్," అన్నాడు.

"మా అమ్మ నైవేద్యం వండేది. దేవుడి కంటె ముందు ఎవరన్న ఎంగిలి చేస్తరా? పులిహోరైనా, పప్పైనా వాసన మీదనే. ఉప్పు సరిపోతే ఆవిరి వాసన మారుతది," అని ఇంగ్లీషులో ఆయనకు చెప్పి, అదే తెలుగులో నాకు చెప్పింది. పెద్ద ముక్క ఉడికిందీ లేనిదీ చూడటానికి ఊలు అల్లే సూది ఒకటి ఉంచుకునేది. అది మాగిన సపోటాలోకి దిగినట్టు దిగాలి. బయటికి తీసి, ఆ సూదిని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేది. అప్పుడు ఆమె ముఖంలో భయం ఉండేది కాదు. ఆ ముఖం చూడటానికే నేను శనివారాలు ఆ పెరటికి వెళ్ళేవాణ్ణి.

పోటీకి వెళ్దామన్న ఆలోచన ముసలాయనదే. ఆమెను ఒప్పించింది మాత్రం ఆయన యథాలాపంగా చెప్పిన ఒక నియమం. వండినదాన్ని అట్టడబ్బాలో పెట్టి ఇవ్వాలి. డబ్బా మీద పేరుండదు, అంకె ఉంటుంది. తినే జడ్జీలకు అది ఎవరు వండారో తెలియదు. డబ్బా మీద చిన్న గుర్తు కనిపించినా పక్కన పడేస్తారు.

"పేరు లేకుండ చూస్తరంట అన్నా," అని ఆ సాయంత్రం మా ఇంటి మెట్ల దగ్గర నిలబడి చెప్పింది. ఎవరైనా లాటరీ తగిలిందని చెప్పేటప్పుడు ఉండే గొంతు అది. "మనిషిని చూడరంట. ఊరు అడగరంట. అంకెనే."

వెళ్ళే ముందు ముగ్గురు లాయర్లను అడిగింది. ఒకాయన, సరదాకు చేసేదానికి ఏమీ కాదన్నాడు. ఇంకొకామె, బహుమతి డబ్బును సంపాదన అంటారేమో, దూరంగా ఉండమంది. మూడో ఆయన అరగంట మాట్లాడి, చెప్పలేమన్నాడు.

"ముగ్గురు మూడు చెప్పిన్రంటే వాళ్ళకూ తెల్వదన్నమాట," అంది. మళ్ళీ తనే, "అయినా పోదామన్నా. కొత్తోళ్ళు ఎక్కడన్న గెలుస్తరా? ఓడిపోయేటోళ్ళకు వీసా రూల్స్ ఉండవు గదా."

భర్త మాట తక్కువ మనిషి. ఆదివారం కూడా చొక్కా టక్ చేసుకునేవాడు. "నీ ఇష్టం. ఫొటోలు మాత్రం వద్దు," అన్నాడట.

కొత్తవాళ్ళు గెలవరన్నది ఆమె ఊహే కాదు. బార్బెక్యూ పోటీ బయటినుంచి చూస్తే తిండి పండగ. లోపలికి వెళ్తే పెళ్ళివారింట్లోకి పిలుపులేకుండా వెళ్ళినట్టుంటుంది. పక్కపక్క జట్లవాళ్ళకు ఇరవై ఏళ్ళ స్నేహాలు. బస్సంత పొడవున్న ట్రెయిలర్లు, వాటిలో ఏసీలు, ఫ్రిజ్‌లు. వంటవాళ్ళ సమావేశంలో నియమాలు చదివేవాడు సగం మింగేస్తాడు, ఎందుకంటే మిగతావాళ్ళకు అవి కంఠతా వచ్చు. మాంసం ఎవరి దగ్గర కొనాలో, ఏ గంటకు ఏం చేయాలో అడిగితే నవ్వుతూ మాట మారుస్తారు. "నలభై ఏళ్ళ కిందట నేను మొదటిసారి వెళ్ళినప్పుడు పక్క గుడారంలో అగ్గిపుల్ల కూడా ఇవ్వలేదు," అన్నాడు ముసలాయన. "ఇప్పుడు అగ్గిపుల్ల ఇస్తారు. మిగతాది ఇప్పటికీ ఇవ్వరు."

మొదటి పోటీ కోడిమాంసంతో, ఊరికే అనుభవం కోసం. డబ్బాలో ముక్కల కింద పచ్చటి ఆకులు పరచాలి. అందంగా ఉంటుందని ఆమె ఇంటి కుండీలోంచి కరివేపాకు రెబ్బలు తెచ్చి చుట్టూ పేర్చింది. నిజంగానే అందంగా ఉంది. నేనే చూసి బాగుందన్నాను. ఒప్పుకునే ఆకుల జాబితా ఒకటుందనీ, అందులో కొత్తిమీర ఉంది గానీ కరివేపాకు లేదనీ మా ఇద్దరికీ తెలియదు. ముసలాయన అదీ కొత్తిమీరలాంటిదే అనుకున్నాడు. ఆ డబ్బాకు అందరికన్నా తక్కువ మార్కులు వేశారు.

ఆమె బాధపడలేదు. "కూరల కరివేపాకే గదన్నా, ఎక్కడైనా తీసే పారేస్తరు," అని నవ్వి, వెంటనే నవ్వాపి, "నియమం తప్పినోళ్ళ లిస్టు ఏమన్న పెడతరా? రికార్డుల పడతదా?" అంది.

అట్టడుగు స్థానం ఆమెకు ధైర్యమిచ్చింది. ఆ ఏడాది ఇంకో రెండు పోటీలకు వెళ్ళాం. ఒకదాంట్లో చివరినుంచి ఐదు, ఇంకోదాంట్లో మధ్యలో ఎక్కడో. మధ్యలో వచ్చినప్పుడు కొంచెం కంగారుపడింది.

మళ్ళీ ఆ సంత మైదానం దగ్గరికి వస్తాను; అది మా నాలుగో పోటీ. ఆ పొద్దున ఒక షెరీఫ్ డెప్యూటీ, అంటే అక్కడి పోలీసు, గుడారాల మధ్య తిరుగుతున్నాడు. పెద్ద టోపీ, నడుముకు తుపాకి, చేతిలో ఎవరో ఇచ్చిన పక్కటెముక ముక్క. మా దగ్గరికి వచ్చి ఆగాడు. ఆమె అప్పటిదాకా పొయ్యిలోకి కట్టె వేస్తోంది. వంగినది వంగినట్టే ఉండిపోయింది.

"ఈ వాసన దేనిది మేడమ్?" అన్నాడు.

ముసలాయన ఏదో అనబోయాడు. అంతలో ఆమె, "చెర్రీ, సర్. చెర్రీ కట్టె, కొంచెం హికరీ. అంతే సర్. ఇంకేం లేదు సర్," అంది. తరగతిలో తప్పు చేసి పట్టుబడిన పిల్లలా ఉంది గొంతు.

"మా నాన్న చెర్రీ వాడేవాడు," అన్నాడు డెప్యూటీ. టోపీ తాకి వెళ్ళిపోయాడు. ఆమె ఆయన వెనక్కి తిరిగి చూస్తాడేమోనని చాలాసేపు చూసింది.

"మన నెంబరు చూసిండా అన్నా?"

"లేదమ్మా. ఆయనకు వాళ్ళ నాన్న గుర్తొచ్చాడంతే."

డబ్బా ఇవ్వడానికి పది నిమిషాల వ్యవధి ఉంటుంది. ఆ పది నిమిషాల్లో ఇవ్వాలి, ముందూ కాదు, తర్వాతా కాదు. ఆమె పెద్ద ముక్కను చెక్క మీద పెట్టి, సూది దించి, వాసన చూసి, "అయింది" అంది. కత్తి తీసుకుంది. ముక్కలు పెన్సిలంత మందం, అన్నీ ఒకే మందం. గోధుమరంగు అంచు, దాని కింద పొగ పట్టిందని చెప్పే గులాబీ గీత. ముసలాయన ఒక ముక్క నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలాడు. ఆయన కళ్ళు తడిశాయి. పొగ వల్ల కావచ్చు. "నా మోకాళ్ళు బాగున్న రోజుల్లో కూడా నేను ఇలా చేయలేదు ప్రొఫెసర్," అన్నాడు. ఆమె విన్నదో లేదో. డబ్బా మూసి నా చేతికిచ్చింది. ఇచ్చే బల్ల దగ్గరికి తను రాలేదు. అక్కడ మనుషులు ముఖాలు చూస్తారు.

ఆ తర్వాత జరిగింది మొదట్లోనే చెప్పాను. ముసలాయన మోకాళ్ళ నొప్పికి ట్రక్కులో నడుం వాల్చి ఉన్నాడు, లేకపోతే ఆయన లేచి వెళ్ళేవాడే. నిజంగా గెలిస్తే ఏం చేయాలో మేం ముగ్గురం ఎప్పుడూ అనుకోలేదు. ఓడినంతసేపూ అంకె. గెలిచిన క్షణాన ఆ అంకె వెనకాల మనిషి లేచి నిలబడాలి, మైకులో పేరు చెప్పాలి, ఫొటో దిగాలి, పన్ను కాగితం మీద సంతకం పెట్టాలి.

ట్రక్కు దగ్గరికి వచ్చాక విషయం చెప్పాను. ముసలాయన ఆమె వైపు చూశాడు. "వాళ్ళు నిన్ను ఏమన్నా అన్నారా?"

"లేదు. చాలా మంచిగా పిలిచిన్రు," అంది. అప్పుడు ఏడ్చింది.

మా వీధి మలుపు తిరిగాక ముసలాయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "నన్ను పిలవలేదని ఏళ్ళ తరబడి ఏడ్చినవాణ్ణి నేను. పిలిచారని ఏడ్చేవాళ్ళను ఈరోజే చూశాను."

జట్టు తరఫున బహుమతి వద్దని నేను రాసి పంపాను. నిర్వాహకుడు ఫోన్ చేసి, మా వల్ల ఏదైనా తప్పు జరిగిందా అని అడిగాడు. లేదన్నాను. కారణం అడిగాడు. కుటుంబ విషయాలన్నాను. అబద్ధం కాదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మా ప్రాంతపు తెలుగువాళ్ళ మాసపత్రికకు నేను అప్పుడప్పుడు రాస్తుంటాను. ఇంత పెద్ద వార్త చేతిలో పెట్టుకుని ఊరుకోవడం నాకు చేతకాలేదు. పేరు రాయలేదు, వీధి రాయలేదు, ఏ మాంసమో రాయలేదు. తెలుగు మహిళ ఒకరు పొగపొయ్యి పోటీలో అందరికన్నా బాగా వండారని, బహుమతి వద్దన్నారని అర పేజీ. దాంతోపాటు నా ఫోన్‌లో తీసిన ఒక ఫొటో. ఆమె పక్కకు తిరిగి ఉంది, పొగ సగం ముఖాన్ని కప్పింది. ఎవరూ గుర్తుపట్టరనుకున్నాను. ఆమెను అడగలేదు. అడిగితే వద్దంటుందని తెలుసు, అందుకే అడగలేదు.

పత్రిక వెబ్‌సైట్‌లో వచ్చిన మర్నాడు పొద్దున ఆమె భర్త మా తలుపు కొట్టాడు. చేతిలో ఫోన్.

"సర్, ఇది తీపియ్యండి."

అరవలేదు. అరిచి ఉంటే నేనూ ఏదో అనేవాణ్ణి. బూట్లు విప్పి లోపలికి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, వెబ్‌సైట్‌లోంచి ఆ పేజీ పోయేదాకా లేవలేదు. గంటన్నర పట్టింది. కాఫీ ఇస్తే తాగలేదు.

సాయంత్రం ఆమె వచ్చింది. "పొగలనుంచి గూడ గుర్తుపట్టిన్రన్నా. మా ఆడబిడ్డ సూర్యాపేటనుంచి ఫోన్ చేసింది. ఏం మాంసం వదినా అది అంటది. మటన్ అని చెప్పిన." నవ్వబోయింది. "వాట్సాప్‌ల పోయింది ఎవలు తీపిస్తరు?"

నేను క్షమాపణ చెప్పాను. "మీరు మంచికే రాసిన్రు," అంది. ఆ మాట అన్నాక మళ్ళీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. ఆ పెరటికి వెళ్ళడం కూడా తగ్గించింది. చలికాలంలో ముసలాయన ఇల్లు అమ్మి కరోలినాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇండియాలో ఉన్న చెల్లెలికి ఆపరేషన్ అని తెలిసినప్పుడు వెళ్ళాలా వద్దా అని రెండు నెలలు తర్జనభర్జన పడింది. పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరి చాలా కాలమైంది. ఇక్కడ ఉన్నంతకాలం ఇబ్బంది లేదు, దేశం దాటితే మళ్ళీ ఇంటర్వ్యూకు వెళ్ళి ముద్ర వేయించుకునే రావాలి. చివరికి వెళ్ళడానికే నిశ్చయించుకుంది. ప్రయాణానికి ముందురోజు మధ్యాహ్నం ఒక కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. వీసా దరఖాస్తు ప్రశ్నలు ప్రింట్ తీసుకుంది. ఒకదాని కింద గీత గీసి ఉంది.

"ఎప్పుడన్న వీసా నిబంధనలు తప్పిన్రా అని ఉన్నదన్నా. లేదు అని కొట్టాలె. కొట్టొచ్చు గదా?"

"నిస్సందేహంగా కొట్టమ్మా. నువ్వు డబ్బు తీసుకోలేదుగా."

"తీస్కోలేదు," అంది. కాగితం మడిచింది. "కని గెలిచిన గదా."

ఏ సందేహమూ లేని మనిషి కూడా ఆ గీత మీద వేలు పెట్టి చూస్తే తనమీద తనకు అనుమానం వస్తుంది.

చెల్లెలి ఆపరేషన్ బాగానే జరిగింది. అమెరికా కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ రెండు నిమిషాలు కూడా పట్టలేదట. కిటికీ అవతల కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. అమెరికాలో ఏం చేస్తుంటారని అడిగాడు. ఇంట్లో ఉంటానని చెప్పింది. అతను నవ్వి, "వంట బాగా చేస్తారా?" అన్నాడు.

ఆమె అద్దం అవతల అతని కంప్యూటర్ వైపే చూస్తూ ఉండిపోయిందట. ఎంతసేపు అలా నిలబడిందో తనకే తెలియదు. చేస్తానని చివరికి అంది. అతను కంప్యూటర్‌లో ఏదో చూశాడు, ఏదో కొట్టాడు. పాస్‌పోర్టు ఉంచుకుని ఒక కాగితం ఇచ్చి, తర్వాత తెలియజేస్తామన్నాడు.

ఆ సాయంత్రం ఫోన్ చేసింది. "అన్నా, అందర్నీ అట్ల అడుగుతరా?"

"మాట కలపడానికి అడుగుతారమ్మా."

"మీరు ఎవర్నన్న కనుక్కుంటరా?"

కనుక్కున్నాను. ఈమధ్య ఇంటర్వ్యూకు వెళ్ళొచ్చిన నలుగురికి ఫోన్ చేశాను. ఒకతన్ని క్రికెట్ గురించి అడిగారు. ఇద్దర్ని ఏమీ అడగలేదు. శాంటా క్లారాలో ఉండే ఒకమ్మాయిని మాత్రం బిర్యానీ చేయడం వచ్చా అని అడిగారట, ఆమెకు వారంలో వీసా వచ్చింది. ఆ సంగతి చెప్పగానే ఫోన్‌లో పెద్ద నిట్టూర్పు వినిపించింది. మర్నాడు మళ్ళీ ఫోన్. "ఆ పిల్లను అడిగినప్పుడు కంప్యూటర్ల చూసిండా అన్నా? కొంచెం అడుగుతరా?"

అడగలేదు. అడిగి వచ్చే జవాబుతో ఏం చేయాలో నాకు తెలియలేదు.

భర్త వెళ్ళి తీసుకురాలేడు. అతని ముద్ర గడువు కూడా తీరింది, వెళ్తే ఇద్దరూ అక్కడే ఉండిపోవచ్చు. వేసవి సెలవుల్లో కూతురు ఒక్కతే వెళ్ళి తల్లిని చూసి వచ్చింది. వచ్చాక ఒకసారి వీధిలో కనిపించి, "అంకుల్, అమ్మ అక్కడ కూడా గ్యాస్ బుక్ చేసేటప్పుడు పెదనాన్న పేరు ఇస్తుంది," అంది. ఈసారి విసుక్కోలేదు.

ఆమె వెళ్ళి తొమ్మిది నెలలైంది. రోజూ పొద్దున భర్త ఆఫీసుకు బయల్దేరే ముందు వీసా వెబ్‌సైట్ తెరిచి చూస్తాడు. కేసు పరిశీలనలో ఉందన్న వాక్యమే ఉంటుంది. ఇంటర్వ్యూలో ఇచ్చిన కాగితాన్ని ఆమె ఫొటో తీసి నాకు పంపింది, ఇంగ్లీషు సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడమని. వీసా ఆపడానికి గల కారణాలన్నీ వరసగా అచ్చువేసి ఉన్నాయి. ఒక్కోదాని పక్కన టిక్కు పెట్టడానికి ఒక గడి ఉంది. ఏ గడిలోనూ టిక్కు లేదు.